నాలుగు నిజములు కలిసిన అబద్ధము



ఈ శీర్షికలో నెలనెలా ఇల్లు, పిల్లలు, సంపాదన, ఖర్చు అంటూ ఇతరుల సంగతులే వ్రాస్తూ వస్తున్నాము. ఈ నెల మా సంగతి వ్రాయవలసి వచ్చినది. మేము చేసిన ఒక తప్పు వలన మా సంఘములోని ఒక పెద్దాయన తనకు ఎంతో ప్రియమైన వస్తువును పోగొట్టుకొన్నాడు. ఆయన పేరు వ్రాయము. ఆయన సమ్మతితోనే ఈ సంగతి మీ ముందు ఉంచుతున్నాము.

మా సంఘము గోదావరి ఒడ్డున ఉన్నది. నదికి ఈవలి దరిన పాత కరీంనగరు జిల్లా, ఆవలి దరిన పాత ఆదిలాబాదు జిల్లా. 2016 అక్టోబరులో ఈ జిల్లాలను విభజించి కొత్త పేర్లు పెట్టినారు గాని, మా కుటుంబములు ఇప్పటికీ రెండు దరులలోను ఉన్నవి. బొగ్గు గనులలో పనిచేసి రిటైరయినవారు మాలో చాలామంది. మేము చెప్పబోయే పెద్దాయన కూడా సింగరేణి వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసినవాడే. సంఘమంతా ఆయనను పెద్దబాపు అని పిలుస్తుంది, మేమూ అలాగే పిలుస్తాము.

పెద్దబాపుకు 1973 నాటి ఫియట్ కారు ఒకటి ఉండేది. 1991లో ఒక ఆఫీసరు బదిలీ మీద పోతూ అమ్మితే కొన్నాడు. గేరు స్టీరింగు పక్కనే ఉండే కారు. దాని పానాలు, దాని నట్లు బోల్టులు ఆయనకు తన చేతివేళ్ళంత తెలుసు. అర్ధరాత్రి భార్యకు ఆయాసము వస్తే కరీంనగరు ఆసుపత్రికి తీసుకుపోయినది ఆ కారులోనే. బిడ్డ పెండ్లికి పూలు కట్టినది ఆ కారుకే. క్రిస్మసు నెలలో పాటల బృందము ఇల్లిల్లూ తిరిగేటప్పుడు హార్మోనియము దాని డిక్కీలోనే పోయేది. మేము ఈ సంఘమునకు కొత్తగా వచ్చిన దినమున బస్టాండు నుండి పెట్టె బేడాతో మమ్ములను ఇల్లు చేర్చినది కూడా ఆ కారే. భార్య ప్రభువునందు నిద్రించిన తరువాత ఆయన ప్రతి శనివారము సాయంత్రము కారును తుడిచి, ఆదివారము దానిలో ఆరాధనకు వచ్చేవాడు. పక్క సీటు ఖాళీగా ఉండేది. ఎవరైనా ఎక్కబోతే వెనుక కూర్చోమనేవాడు.

ఇక మా తప్పు సంగతి.

2025 సెప్టెంబరులో ఒక ఆదివారము ఆరాధనకు ముందు మా యౌవనస్థులలో ఒకడు వచ్చి తన ఫోను చూపించినాడు. ఆ అబ్బాయికి పాత బండ్లంటే ప్రాణము. యెజ్డీ మోటారు సైకిలు ఒకటి కొని బాగుచేసుకొంటున్నాడు. జగిత్యాల, మంచిర్యాల, నిర్మల్ వైపు ఇలాంటి అభిరుచి గలవారందరు వాట్సాప్‌లో ఒక గుంపుగా ఉన్నారు. ఒకరికి జావా, ఒకరికి లాంబ్రెట్టా, ఒకరికి తాతగారి జీపు. వారి మధ్య ఆ వారమంతా ఒకే సందేశము తిరుగుతున్నది. దానిలో నాలుగు మాటలున్నవి. పదిహేనేండ్లు దాటిన బండికి దాని ధరలో సగము పన్ను. ఒకటవ తారీఖు నుండి అలాంటి బండికి పెట్రోలు పోయరు. దొరికితే పట్టుకొని తుక్కు చేస్తారు. ఫీజులు ఇప్పటికే రెట్టింపయినవి. చివర, మీ వారందరికీ వెంటనే తెలియజేయండి అని ఉన్నది.

మేము చదివినాము. మా సంఘములో పాత బండ్లున్న ఇండ్లు ఆరేడు జ్ఞాపకము వచ్చినవి. వారికి నష్టము కలుగకూడదని తలంచినాము. ప్రకటనల సమయములో కూటముల వివరములు చదివిన తరువాత ఆ నాలుగు మాటలు కూడా చదివినాము. ఎవరు చెప్పినారని ఆ అబ్బాయిని అడుగలేదు. ఏ కాగితములో ఉన్నదని అడుగలేదు. మంచి ఉద్దేశము ఉన్నది కదా, అది చాలుననుకొన్నాము.

తరువాతి శనివారము ఆ అబ్బాయి పరుగున మా ఇంటికి వచ్చినాడు. తన బండి కాగితముల పని మీద రవాణా శాఖ కార్యాలయమునకు పోయి అడిగితే, సగము ధర పన్ను అనే మాటే లేదని చెప్పినారట. మేమిద్దరము కలిసి ముందుగా పెద్దబాపు ఇంటికే పోయినాము. షెడ్డు తలుపు తెరిచి ఉన్నది. లోపల నేల మీద నూనె మరక తప్ప ఏమీ లేదు.

"పెద్దబాపూ, కారేది?" అని అడిగినాము.

"అమ్మిన అయ్యగారూ. మొన్న బేస్తారం నాడు తీస్కపోయి కాటకు పెట్టిండ్రు. ఇరువై రెండు వేలు అచ్చినయ్."

"అంత తొందరపడితిరేమి?"

"మీరే చెప్పితిరి గద. బయట మంది చెప్తె నమ్మకపోదును. చర్చిల చెప్పిండ్రంటె ఇగ తప్పదనుకున్న. కొడుకుకు ఫోన్ జేస్తె, బాపూ, పోలీసోళ్ళు గుంజుకపోయేదాంక ఎందుకు, ఇచ్చెయ్ అన్నడు."

ఆ సాయంత్రమే పాత ఇనుము కొట్టుకు పోయినాము. కారును అప్పటికే గ్యాసు కట్టరుతో కోసివేసినారు. ఒక తలుపు గోడకు ఆనించి ఉన్నది. పెద్దబాపు ముందే అడిగి తెచ్చుకొన్న స్టీరింగు చక్రము మాత్రము ఆయన ఇంటి గోడకు మేకు మీద వ్రేలాడుతున్నది. ఆ కారు ఆర్.సి.కి 2028 వరకు గడువున్నది.

ప్రియులారా, ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ సందేశములోని ప్రతి మాటను పట్టుకొని, అది ఎక్కడ పుట్టినదో వెదకుట మొదలుపెట్టినాము. నాలుగు మాటలలో ఒక్కటి కూడా పూర్తిగా కల్పితము కాదు. ప్రతి మాటకు ఒక నిజమైన వేరు ఉన్నది. అందుకే అది అంత సుళువుగా మమ్ములను మోసగించినది.

మొదటి మాట, సగము పన్ను. 2021 జనవరిలో కేంద్ర రవాణా శాఖ పాత వాహనములపై హరిత పన్ను వేయవచ్చునని ఒక ప్రతిపాదన చేసినది. ఎనిమిదేండ్లు దాటిన రవాణా వాహనములకు ఫిట్‌నెస్ రెన్యూవల్ సమయములో రోడ్డు పన్నులో 10 నుండి 25 శాతము వేయవచ్చుననియు, సొంత వాహనములకు పదిహేనేండ్ల తరువాత రిజిస్ట్రేషను రెన్యూవల్ సమయములో వేయవచ్చుననియు దానిలో ఉన్నది. గాలి మిక్కిలి పాడైన నగరములలో మాత్రము రోడ్డు పన్నులో 50 శాతము అన్నారు. రైతుల ట్రాక్టర్లు, కోత యంత్రములను మినహాయించినారు. ఇది రాష్ట్రములను సంప్రదించుటకు పంపిన ప్రతిపాదన. పైగా రోడ్డు పన్నులో సగము వేరు, బండి ధరలో సగము వేరు. ఫోను నుండి ఫోనుకు పోయే దారిలో "రోడ్డు పన్నులో" అనే మాట ఎక్కడో రాలిపోయినది. దానితోపాటు "ప్రతిపాదన" అనే మాటయు రాలిపోయినది.

హరిత పన్ను మనకు కొత్త కాదని కూడా తెలిసికొన్నాము. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లోనే అది వచ్చినది. పదిహేనేండ్లు దాటిన మోటారు సైకిలుకు అయిదేండ్లకు 250 రూపాయలు, ఇతర సొంత వాహనములకు 500 రూపాయలు అని అప్పుడు నిర్ణయించినారు. రాష్ట్రము ఇలాంటి రేట్లను మార్చుతూ ఉంటుంది గనుక, కట్టే దినమున ఎంతో ఆ కార్యాలయములోనే అడిగి తెలిసికొనవలెను.

రెండవ మాట, పెట్రోలు పోయరని. అది ఢిల్లీ సంగతి. అక్కడ పదేండ్లు దాటిన డీజిలు బండ్లకు, పదిహేనేండ్లు దాటిన పెట్రోలు బండ్లకు 2025 జులై 1 నుండి బంకులలో ఇంధనము పోయకూడదని ఆజ్ఞ వచ్చినది. ప్రజలు గోల చేయగా కొద్ది దినములకే దానిని ఆపినారు. ఆగస్టు 12న సుప్రీంకోర్టు, వయసు ఒక్కటే కారణముగా అక్కడి యజమానులపై బలవంతపు చర్య తీసికొనవద్దని చెప్పినది. డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4, ఆ పై ప్రమాణముల వాహనములకే పరిమితము చేసినది. ఇదంతా ఢిల్లీ, దాని చుట్టుపట్ల ప్రాంతము గురించినది. గోదావరిఖని బంకుకు, మంచిర్యాల బంకుకు దానితో సంబంధము లేదు.

మూడవ మాట, పట్టుకొని తుక్కు చేస్తారని. 2023 ఏప్రిల్ 1 నుండి పదిహేనేండ్లు దాటిన ప్రభుత్వ వాహనములకు రిజిస్ట్రేషను రెన్యూవల్ చేయరాదని కేంద్రము నియమము చేసినది. కచేరీల ముందు నిలిచిపోయిన పాత జీపులను మీరు చూచే ఉంటారు. అది ప్రభుత్వపు బండ్ల సంగతి. సొంత బండ్ల విషయములో మన తెలంగాణ రాష్ట్రము 2024 అక్టోబరులో ఒక విధానము ప్రకటించినది. దానిని ప్రకటించిన రవాణా మంత్రి పొన్నం ప్రభాకర్ గారు ఒకప్పుడు కరీంనగరు పార్లమెంటు సభ్యులుగా ఉన్నవారే. ఆ విధానము పేరులోనే స్వచ్ఛందము అని ఉన్నది. అనగా ఇష్టమున్నవారు ఇచ్చుకోవచ్చును.

నాలుగవ మాట, ఫీజులు పెరిగినవని. ఇది నిజమే. సొంత బండికి మొదట పదిహేనేండ్ల రిజిస్ట్రేషను, ఆ తరువాత అయిదేండ్లకొకసారి రెన్యూవల్. పదిహేనేండ్లు దాటిన కారుకు ఆ ఫీజు 600 రూపాయలుండేది, 2022 ఏప్రిల్ నుండి 5,000 అయినది. మోటారు సైకిలుకు 300 నుండి 1,000 అయినది. 2025 ఆగస్టులో కేంద్రము మరల పెంచి, ఇరువదేండ్లు దాటిన కారుకు 10,000, మోటారు సైకిలుకు 2,000 చేసినది. పింఛను మీద బ్రతికే పెద్దలకు ఇది భారమే, కాదనము. గాని అయిదేండ్లకొకసారి పదివేలు వేరు, బండి ధరలో సగము వేరు.

ఇక్కడ ఒక భేదము అందరు తెలిసికొనవలెను. వాహనముపై పన్ను వేసే అధికారము రాజ్యాంగము ప్రకారము రాష్ట్రమునకు ఉన్నది. రిజిస్ట్రేషను ఫీజు కేంద్రపు నియమముల ప్రకారము వచ్చేది. కాబట్టి కేంద్రము పన్ను వేసినదని సందేశము వస్తే, ముందు అది పన్నా, ఫీజా అని అడుగవలెను. ఆ ఒక్క ప్రశ్న మేము అడిగియుంటే పెద్దబాపు కారు ఈనాడు షెడ్డులో ఉండేది.

పాత బండ్లపై ప్రభుత్వములు ఎందుకు ఇలా చేస్తున్నవని కొందరు కోపపడతారు. వెనుకటి ఇంజనులు ఇప్పటి ఇంజనులకన్న ఎక్కువ పొగ విడుచునన్నది నిజము. 2020 ఏప్రిల్ నుండి దేశమంతట బీఎస్-6 ప్రమాణము వచ్చినది. మన పిల్లలు పీల్చే గాలి కొరకు కొంత కట్టవలెనంటే మేము అడ్డు చెప్పము. న్యాయముగా అడిగిన పన్నును కట్టుట మన ధర్మము. గాని అడుగని పన్నుకు భయపడి ఉన్నదానిని పోగొట్టుకొనుట ధర్మము కాదు, తెలివియు కాదు.

మమ్ములను మరింత బాధపెట్టిన సంగతి ఇంకొకటి ఉన్నది. పాత వాహనములను కాపాడుకొనే మార్గమును ప్రభుత్వమే ఇచ్చినది. 2021 జులైలో కేంద్రము వింటేజి వాహనముల నియమములు ప్రకటించినది. మొదటి రిజిస్ట్రేషను నుండి యాభై ఏండ్లు దాటి, అసలు రూపము పెద్దగా మార్చకుండ ఉంచిన రెండు చక్రముల, నాలుగు చక్రముల సొంత వాహనములు దీని క్రిందికి వస్తవి. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, మరల చేయించుకొనుటకు 5,000. సర్టిఫికెట్టు పదేండ్లు చెల్లుతుంది. నంబరులో వి.ఎ. అనే అక్షరములుంటవి. అయితే అలాంటి బండిని దినదినము వాడుకొనరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, ఇంధనము పోయించుకొనుటకు మాత్రమే రోడ్డు మీదికి తేవలెను. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాము నవాబు 1912 నాటి రోల్స్ రాయిస్‌ను అందరు మెచ్చుకొంటూ చూస్తారు. ఒక కార్మికుడు చెమటోడ్చి నిలుపుకొన్న ఫియట్ కూడ ఆ దారిన నిలువదగినదే. దానికి యాభై రెండేండ్లు నిండినవి. ఆదివారము ఆరాధనకు రావలెనంటే మామూలు రెన్యూవల్‌తోనే ఉంచుకొనవచ్చును, ఊరకే చూచుకొనవలెనంటే వింటేజిగా చేయించుకొనవచ్చును. రెండు దారులుండగా మేము మూడవ దారి చూపినాము.

మరుసటి దినము ఉదయము, ఆరాధనకు ముందే, మేము మరల పెద్దబాపు ఇంటికి పోయి క్షమాపణ అడిగినాము. నష్టములో కొంతైనా ఇస్తామన్నాము. ఆయన చాలాసేపు మాటాడలేదు. చివరికి ఇట్లన్నాడు:

"పైసలద్దు అయ్యగారూ. కారు మల్ల అచ్చేది గాదు. గా మాట యాడ నిలవడి చెప్పిండ్రో, గది అబద్ధమని గాడనే నిలవడి చెప్పుండ్రి. ఇంక ఇద్దరు ముగ్గురు అమ్ముకునేటట్టున్నరు."

ఆ ఉదయమే మేము అదే స్థలములో నిలువబడి, అదే స్వరముతో, మేము చదివినది తప్పని చెప్పినాము. చెప్పుట సుళువు కాలేదు. ఒక కాపరి ప్రకటనను మరల ఎవరు నమ్ముతారన్న సిగ్గు మమ్ములను పట్టుకొన్నది. ఆ దినము ఒక కుటుంబము తమ చేతక్ స్కూటరు అమ్మే బేరము ఆపుకొన్నది. ఆవలి దరిన ఒక ఇంటివారు జీపును ఉంచుకొన్నారు. పెద్దబాపు ఎప్పటివలె మూడవ వరుసలోనే కూర్చున్నాడు. ఆటోలో వచ్చినాడు.

ప్రియ పాఠకులారా, వదంతులు మనకు కొత్త కావు. పది రూపాయల బిళ్ళ చెల్లదని మన ఊళ్ళలోని దుకాణములలో ఎన్ని సంవత్సరములు త్రిప్పికొట్టినారో మీకు తెలుసు. 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు పద్నాలుగు రకముల పది రూపాయల బిళ్ళలును చెల్లునని ప్రకటించిన తరువాత కూడా ఆ మాట చావలేదు. అదే సంవత్సరము మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారన్న సందేశములు తెలంగాణలో వ్యాపించి, ఏ పాపము ఎరుగనివారు దెబ్బలకు ప్రాణములు విడిచినారు. ఆ జులైలో వాట్సాప్ సంస్థ మన దేశములో ఒక సందేశమును ఒకేసారి అయిదు చాట్లకు మించి పంపకుండ కట్టడి చేసినది. సంస్థ వేసిన కట్టడి చేతికి మాత్రమే, నాలుకకు ఎవరు వేస్తారు? మేము ఒక్క నోటితో ఒక్క నిమిషములో రెండు వందల మందికి పంపినాము.

తొమ్మిదవ ఆజ్ఞను మేము ఎన్నోమార్లు పిల్లలకు నేర్పినాము. అబద్ధ సాక్ష్యమంటే న్యాయస్థానములో కావాలని చెప్పేదే అనుకొనేవారము. తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పుట కూడ ఆ వైపే నడిపిస్తుందని ఇప్పుడు నేర్చుకొన్నాము. కనానును వేగుచూచి వచ్చినవారిలో పదిమంది చూచినది చూడనట్టు చెప్పలేదు. గోడలు ఎత్తైనవే, మనుష్యులు బలవంతులే. గాని భయము కలిసిన నిజము జనమంతటిని ఒక రాత్రి ఏడిపించినది.

కాబట్టి ఇట్టి సందేశము మీ ఇంటికి వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు అడుగుడి. ఇది ఏ ఊరి సంగతి? ప్రతిపాదనా, ముసాయిదానా, తుది ఉత్తర్వా? ప్రభుత్వము నియమము మార్చేముందు సాధారణముగా ముసాయిదా ప్రకటించి అభ్యంతరములకు గడువు ఇస్తుంది, ముసాయిదా వచ్చిన దినముననే చట్టము కాదు. ఉత్తర్వు నంబరు, తారీఖు ఉన్నవా? ఒకటవ తారీఖు అని మాత్రమే ఉండి ఏ నెలో, ఏ సంవత్సరమో లేకుంటే అది ప్రతి నెలా తిరిగి వచ్చే అబద్ధము. చివరిది, ఆ కార్యాలయములో ఎవరైనా అడిగి వచ్చినారా?

నిజముగానే బండిని వదులుకొనవలెననుకొంటే, దారి ప్రక్క కొట్టులో కాటాకు వేయవద్దు. ప్రభుత్వము గుర్తించిన తుక్కు కేంద్రములో ఇస్తే డిపాజిట్ సర్టిఫికెట్టు ఇస్తారు, దానితో కొత్త బండి పన్నులో రాయితీ దొరకుతుంది. బండి లేకుండ పోయిన పదునాలుగు దినములలోపల రిజిస్ట్రేషను అధికారికి తెలియజేయవలెనని చట్టము చెప్పుతున్నది. లేనియెడల లేని బండి మీ పేరుననే ఉండిపోతుంది. పెద్దబాపు ఆర్.సి. రద్దు పని మేమే వెంట తిరిగి చేయించినాము. అంతకన్న ఎక్కువ చేయలేకపోయినాము.

ఆ యౌవనస్థుడు ఇప్పుడు ప్రతి శనివారము సాయంత్రము తన యెజ్డీని పెద్దబాపు షెడ్డుకు తీసికొనిపోతున్నాడు. పానాలు పెద్దబాపువి, చేతులు ఆ అబ్బాయివి. బండి ఇంకా పూర్తిగా లేవలేదు. మా సంఘములో ఇప్పుడు ప్రకటనల కాగితము మీద ఒక నియమము పెట్టుకొన్నాము. ప్రభుత్వపు సంగతి ఏదైనా చదువవలెనంటే, దానిని కార్యాలయములో అడిగి వచ్చినవారి సంతకము క్రింద ఉండవలెను. సంతకము లేనిది చదువము. మీ సంఘములలోను ఇట్టి నియమము పెట్టుకొనుడని మనవి చేస్తున్నాము.

వచ్చే నెల మరల కలిసికొందాము. అంతవరకు మన నోటి మాటలకు ప్రభువు కావలి ఉండును గాక.